శాలేమురాజు కంద

మా బడిలో ముప్ఫై మూడేళ్ళు గంట కొట్టిన శాలేమురాజు, రిటైరయ్యాక కంద పండించాడు. ఒకే ఒక్క కంద. దాన్ని ఏటా తవ్వి తీసి, తూచి, మళ్ళీ పాతి, నాలుగేళ్ళు పెంచాడు. ఈ మాట చెప్పగానే జనం నవ్వుతారు. ఒక దుంప కోసం నాలుగేళ్ళేంటండీ అంటారు. అలా నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ముందు ఆ మనిషి ఎలాంటివాడో తెలుసుకుని, ఆ తరువాత నవ్వండి.

ఆయనది భట్టిప్రోలు. తల్లీ తండ్రీ ఇద్దరూ పొలం పనులకు వెళ్ళేవాళ్ళు. అక్కడి మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివి, పాస్టరుగారు చెప్పిన మాట సాయంతో తెనాలి వచ్చి మా హైస్కూల్లో అటెండరుగా చేరాడు. నేను తెలుగు టీచరుగా ఆ బడిలో అడుగుపెట్టేసరికి ఆయనకు నలభై నాలుగేళ్ళు, నాకు ఇరవై నాలుగు. మొదటి రోజే తొమ్మిదో తరగతి పిల్లలు నన్నొక ఆట ఆడించారు. నేను పద్యం ఎత్తుకుంటే చాలు, వెనక బెంచీలో ఎవడో పిల్లిలా అరుస్తున్నాడు. ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంటే, శాలేమురాజు మెమో పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెనక బెంచీ వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే. గోల ఆగిపోయింది. తీరా పుస్తకం తీసి చూస్తే నేను సంతకం పెట్టాల్సిన మెమో అందులో ఏదీ లేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయ్ అయ్యాడు.

2002లో రిటైరయ్యాడు. రైలు కట్ట అవతల రెండు గదుల ఇల్లు. గుమ్మం దిగితే సిమెంటు రోడ్డు. తులసి మొక్కంత మొక్క పెట్టుకోవడానికి కూడా మట్టి లేదు. నెల తిరక్కుండానే ఆయన భార్య ప్రమీల పిన్ని మా ఇంటికొచ్చి మొర పెట్టుకుంది.

“ఈయన్ని ఇంట్లో భరించలేకపోతున్నానమ్మా వసుంధరా. పీరియడ్ పీరియడ్‌కీ లేచి గోడ గడియారం చూస్తున్నాడు. ఎక్కడన్నా ఏదన్నా పని చూపించు తల్లీ.”

అప్పుడు మా హెడ్మాస్టరు శ్రీరామచంద్రమూర్తిగారు. గంగానమ్మపేటలో ఆయన ఇంటి వెనక పెద్ద పెరడుంది. మాస్టారు పండితుడు. నోరు తెరిస్తే శ్లోకం, మూస్తే నిద్ర. పెరట్లో ఏం మొలిచిందో మాత్రం ఆయనకు పట్టదు. ఏది తోటకూరో ఏది గోంగూరో భార్య సీతాలక్ష్మిగారు చెబితేనే తెలుసుకునేవారు. నేను శాలేమురాజును వెంటబెట్టుకెళ్ళి సంగతి చెప్పగానే, “దానికేంటయ్యా రాజూ, ఆ పెరడు నీదే అనుకో” అన్నారు. ఆ మాట నా ఎదురుగానే అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే ఇప్పటికీ ఆయన్ని చెడ్డవాడని అనలేకపోతున్నాను. చెడ్డవాడైతే నాకు ఎంత తేలికగా ఉండేదో!

మొదటి ఏడాది వేసవిలో బాబాయ్ రేపల్లె మార్కెట్లో కొబ్బరికాయంత విత్తనపు కందను చూసి మోజుపడి కొనుక్కొచ్చాడు. అందరూ కందను ముక్కలు కోసి నాటుతారు. ఈయన కోయలేదు. పెరట్లో ఎండ బాగా తగిలే మూల మోకాలి లోతు గొయ్యి తవ్వి, పశువుల ఎరువూ, బూడిదా, ఊకా కలిపి నింపి, దుంపను మొత్తంగా పాతిపెట్టాడు. మొలిచాక ఒకటే కాడ, పైన గొడుగులాంటి ఆకు. డిసెంబరు దాటాక ఆకు పండి కూలిపోయింది. నెలరోజులు నీళ్ళు మానేసి, గునపం తగిలితే దుంప కుళ్ళిపోతుందని చేతుల్తో మట్టి తోడి బయటికి తీశాడు. మూడు కిలోలు తూగింది. పక్కన పుట్టిన పిల్ల దుంపల్ని తుంచి సీతాలక్ష్మిగారికి కూరకిచ్చాడు. తల్లి దుంపను మాస్టారి ఇంటి మెట్ల కింద చీకటి గదిలో ఇసుక పరిచి పడుకోబెట్టాడు. వారానికోసారి దాన్ని అటు నుంచి ఇటు తిప్పేవాడు. ఒకే వైపు ఒత్తుకుంటే మెత్తబడుతుందట. జూన్‌లో తొలకరికి పేడనీళ్ళలో ముంచి, అంతకంటే పెద్ద గొయ్యిలో మళ్ళీ పాతాడు.

ఇలా ఏటా చేస్తే దుంప పెరుగుతూ పోతుంది. తప్పొకటి చేస్తే అంతా పోతుంది. ఎరువు కోసం ఆయన భట్టిప్రోలులో అక్కగారి గేదెల దగ్గరికి వెళ్ళేవాడు. బయట కొనే ఎరువులో ఏం కలుస్తుందో తెలియదని ఆయన అనుమానం. రెండు గోతాల మాగిన ఎరువు రేపల్లె పాసింజరులో వేసుకుని వస్తుంటే, పెట్టెలో జనం ముక్కులు మూసుకుని తిట్టేవాళ్ళట. “తిట్టనీ అమ్మా, తెనాలి ఎంతసేపు, వచ్చేస్తుంది” అనేవాడు. మూడో ఏడు ఆకు రాకముందే మొగ్గ లేచింది. కంద పువ్వుకు చచ్చిన ఎలుక వాసన. సీతాలక్ష్మిగారు పాపం రెండు రోజులు అటకంతా దింపించి ఎలుక కోసం వెతికించారు. ఆ పువ్వును అలాగే ఉంచితే దుంప బలమంతా లాగేస్తుందని బాబాయ్ దాన్ని కోసి పారేశాడు. ఆ ఏడు కాడ ఆయన కంటే ఎత్తు పెరిగింది. పక్కన నిలబడి కొలుచుకుని చూసుకునేవాడు.

ఇక నా సంగతి చెప్పాలి. తెనాలిలో మేం కొందరం కలిసి ఇంటితోటల సంఘం అని ఒకటి పెట్టుకున్నాం. దానికి కార్యదర్శిని నేను. ఏటా ఫిబ్రవరిలో కల్యాణమండపంలో పోటీ. ఎవరి పెరట్లో పండిన పెద్ద కాయ, పెద్ద పువ్వు వాళ్ళు తెచ్చి పెడతారు. నరసింహారావు అనే ఎల్.ఐ.సి. ఏజెంటు తన పొడుగు పొట్లకాయను ఆటోలో పట్టించలేక పైన కట్టుకొచ్చేవాడు. బ్లెస్సీ అని ఒక నర్సమ్మ తెచ్చే చామంతి పళ్ళెమంత ఉండేది. మా మొదటి పోటీలో ఒకాయన బజార్లో గుమ్మడికాయ కొనుక్కొచ్చి బహుమతి కొట్టేశాడు. ఆ దొంగతనం మళ్ళీ జరక్కుండా, పెరడున్నవాళ్ళే పోటీకి రావాలని నేనే ఒక నిబంధన రాశాను: పోటీదారు సొంత ఇంటి పన్ను రసీదు జతచేయాలి, పేరు రసీదులో ఉన్న పేరే అయి ఉండాలి. చాలా తెలివైన పని చేశానని అప్పుడు మురిసిపోయాను.

2004లో బాబాయ్ కంద ఆరున్నర కిలోలు వచ్చింది. పోటీకి పెడదాం అన్నాను. రసీదు శ్రీరామచంద్రమూర్తిగారి పేరు మీద ఉంది. “మాస్టారి పేరే రాసెయ్యండమ్మా, దాందేముంది, కందైతే మనదేగా” అన్నాడు బాబాయ్. నా చేత్తోనే రాశాను. ఆ ఏడు బహుమతి రాలేదు. 2005లో పదకొండు కిలోలు, రెండో బహుమతి. అప్పుడూ నేనే రాశాను. నా నిబంధనను నేనే ఒక్క వాక్యం మార్చి, పండించిన మనిషి పేరు కూడా రాయొచ్చు అని చేర్చగలిగేదాన్ని. చేర్చలేదు. కార్యవర్గం మళ్ళీ కూర్చోవాలి, తీర్మానం చేయాలి, ఎవరు పడతారా తలనొప్పి అనుకున్నాను.

2006 ఫిబ్రవరిలో ఆ దుంప పదహారు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. గోతం మీద పెట్టి ఇద్దరు మనుషులు మోశారు. మొదటి బహుమతి. శ్రీరామచంద్రమూర్తిగారు అప్పటికి రిటైరై రెండేళ్ళయింది. శాలువా కప్పించుకుని మైకు ముందుకొచ్చి, భూమాత గురించి రెండు శ్లోకాలు చదివి, “మా పెరట్లో పండిన ఈ కందమూలం” అంటూ పావుగంట మాట్లాడారు. కిందనుంచి ఎవరో, ఎన్ని రోజులకోసారి నీళ్ళు పెట్టారండీ అని అడిగారు. మాస్టారు అటూ ఇటూ చూసి, “అవసరాన్ని బట్టి” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. శాలేమురాజు పేరు ఆ పావుగంటలో ఒక్కసారి కూడా రాలేదు. బాబాయ్ వెనక గోడకు ఆనుకుని, ఖాళీ గోతం మడతపెట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

బయటికొచ్చాక ఇక ఆగలేకపోయాను. “అదేంటి బాబాయ్, ఒక్క మాటన్నా చెప్పలేదేంటి ఆయన?”

“మర్చిపోయారులెండమ్మా. మైకు చూస్తే ఎవరికైనా అంతే” అని నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎప్పటి నవ్వు కాదు.

అదే రోజు బాపట్ల నుంచి సుందరయ్యగారని ఒక పెద్దమనిషి వచ్చారు. వచ్చే ఏడు ఫిబ్రవరిలో బాపట్లలో జిల్లా మొత్తానికీ ఇలాంటి పోటీ పెడుతున్నామని చెప్పి, నాకు ఫారాలిచ్చి వెళ్ళారు. అందులో ఇంటి పన్ను రసీదు ఊసే లేదు. పైనే పెద్ద అక్షరాల్లో ‘పండించినవారి పేరు’ అని ఉంది. బాబాయ్ ఆ ఫారం తీసుకుని వెలుగులోకి పెట్టి చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు.

“ఇక్కడ నా పేరే రాయొచ్చా అమ్మా?”

“మీ పేరే రాయాలి బాబాయ్.”

“ఇంకొక్క పంట. ఇరవై దాటుద్దమ్మా, రాసిపెట్టుకోండి” అన్నాడు.

ఆ మనిషికి పేరు పిచ్చి ఎన్నడూ లేదు. ముప్ఫై మూడేళ్ళలో వార్షికోత్సవం ఫోటోలో నిలబడమంటే కుర్చీలు సర్దే వంకతో తప్పుకునేవాడు. ఈ ఒక్క కంద విషయంలోనే ఆశ పుట్టింది. మాస్టారి దగ్గరికి కూడా ఇద్దరం వెళ్ళి చెప్పాం. “అంతకంటేనా! ఈసారి నీ పేరు మీదే వెళ్ళాలి రాజూ. నేను కూడా బాపట్ల వస్తాను” అన్నారు. దుంప మెట్ల కింద ఇసుక మీద, జూన్ తొలకరి కోసం పడుకుని ఉంది.

మే నెలలో శ్రీరామచంద్రమూర్తిగారి షష్టిపూర్తి వచ్చింది. వీధిలో షామియానా వేశారు, పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. సీతాలక్ష్మిగారికి సాయంగా నేను పొద్దున్నే వెళ్ళాను. పెరట్లోకి వెళ్ళేసరికి వంటవాళ్ళు చేతులకు నూనె రాసుకుని కత్తిపీటల ముందు కూర్చున్నారు. మధ్యలో బాబాయ్ కంద. సగం అప్పటికే ముక్కలై గంగాళంలో ఉంది. మిగిలిన సగం గులాబీ రంగులో, తడిగా, నేల మీద బోర్లా పడి ఉంది. పక్కన బచ్చలికూర కట్టలు.

మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చోబోతున్నారు.

“మాస్టారూ, ఆ కంద... రాజు బాబాయ్ బాపట్లకి...”

“తెలుసమ్మా, తెలుసు. నేనేమన్నా అంత తెలివితక్కువవాణ్ణా? మొలక ఉన్న ముక్క పక్కన పెట్టమని చెప్పాను. మళ్ళీ నాటుకుంటాడు. మొదటి బహుమతి కంద మా పెరట్లో ఉండగా బజారు కంద తెచ్చి చుట్టాలకి పెడితే బాగుంటుందా చెప్పు?”

పురోహితుడు గంట మోగించాడు. చుట్టాలందరూ నా వైపు చూస్తున్నారు. మొలక ముక్క నాటితే మళ్ళీ మూడు కిలోల దగ్గర మొదలు. ఇరవై కిలోలకు మళ్ళీ నాలుగైదేళ్ళు, బాబాయ్‌కి అప్పటికే అరవై రెండు. ఇదంతా నాకు తెలుసు. శుభమా అని షష్టిపూర్తి జరుగుతుంటే దుంప దగ్గర రభసేంటని నోరు మూసుకున్నాను. అప్పటికే తెగిపోయింది, ఇప్పుడు అరిచి ఏం లాభం అని కూడా అనుకున్నాను. పిరికివాళ్ళకు కారణాలు కరువా?

పదకొండు దాటాక బాబాయ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మాస్టారికి పంచెల చాపు. ముందురోజే భట్టిప్రోలు వెళ్ళి, కొత్త గొయ్యి కోసం ఎరువు గోతాలతో పొద్దున రైలుకి దిగాడట. గోతాలు స్టేషన్ సైకిల్ స్టాండులో పెట్టి వచ్చానన్నాడు. నన్ను చూడగానే పక్కకు పిలిచాడు.

“అమ్మా, ఈ వంటల హడావిడిలో మెట్ల కింద తడేమన్నా తగిలిందా? మీరు చూశారా?”

“లేదు బాబాయ్, ఏం తగల్లేదు” అన్నాను. “పంక్తి వేస్తున్నారు, కూర్చోండి.”

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. చెప్పగలిగిన చోట చెప్పకపోవడం ఒకటి. అడిగిన మనిషి మొహం మీద అబద్ధం చెప్పడం ఇంకొకటి. రెండూ ఒకే పూటలో చేశాను.

చివరి వరసలో కూర్చున్నాడు. విస్తరి వేశారు, పప్పూ పులిహోరా వడ్డించారు, ఆ తరువాత కంద బచ్చలి. నేను మంచినీళ్ళ జగ్గు పట్టుకుని అక్కడే తిరుగుతున్నాను. వెళ్ళిపోవడానికి ధైర్యం లేదు, ఉండడానికీ లేదు. ఆయన రెండు ముద్దలు తిని తల పైకెత్తాడు.

“కూర బాగుందమ్మా. ఎక్కడా దురద లేదు. బాగా ముదిరిన దుంప. ఏ ఊరి నుంచి తెప్పించారో కనుక్కోండి.”

ఇంకొంచెం వేయించుకున్నాడు కూడా. అప్పుడు మాస్టారు దండలతోనే పంక్తి మధ్యన నడుచుకుంటూ, అందర్నీ మొహమాటపడొద్దని చెబుతూ వచ్చారు. బాబాయ్ భుజం మీద చెయ్యి వేశారు.

“ఏంటి రాజూ, ఎలా ఉంది మన కంద? రెండొందల మందికి సరిపోయిందయ్యా! అందరికీ చెబుతున్నాను, ఇది మా ఫస్టు ప్రైజు కంద అని.”

బాబాయ్ చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. ఆయన మాస్టారి వైపు చూడలేదు. విస్తరి వైపు చూశాడు. ఆ తరువాత నా వైపు చూశాడు, చాలాసేపు. నేను పక్క మనిషి గ్లాసులో నీళ్ళు పోశాను. గ్లాసు నిండి పొర్లిపోయింది.

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. పంక్తి మధ్యలో ఒకరు లేస్తే పక్కవాళ్ళ భోజనం చెడుతుందని పెద్దవాళ్ళు అంటారు. మాస్టారి ఇంట శుభకార్యంలో ఆ తప్పు చేయడం ఆయనకు చేతకాలేదు. పెరుగన్నం దాకా, వరస మొత్తం తినడం అయ్యేదాకా, మెతుకు ముట్టకుండా విస్తరి ముందు అలాగే కూర్చున్నాడు. అందరితో పాటు లేచి, చెయ్యి కడుక్కుని, సీతాలక్ష్మిగారికి నమస్కారం పెట్టి వెళ్ళాడు. మెట్ల కింద గది వైపు వెళ్ళలేదు. ఎరువు గోతాలు వారం దాటినా స్టాండులోనే ఉన్నాయని, అక్కడి కుర్రాడు విసుక్కుని పారేశాడని తరువాత తెలిసింది.

ఆ తరువాత ఆయన ఆ పెరట్లో అడుగుపెట్టలేదు. “రాజు అలిగాడటగా” అన్నారు మాస్టారు ఓసారి నాతో, నిజంగానే బాధపడుతూ. “ఇదేం చోద్యమమ్మా? నా పెరడు, నా పేరు మీద సర్టిఫికెట్లు. నా కంద నేను వండించుకుంటే తప్పా?” గోడకు ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్లు రెండు వేలాడుతున్నాయి. రెండింటి మీదా ఆయన పేరు నా చేతిరాతలోనే ఉంది.

మొలక ముక్కను నేనే ఆకులో చుట్టి ప్రమీల పిన్నికి ఇచ్చి వచ్చాను. నాటుకునే ఉంటాడని నన్ను నేను నమ్మించుకున్నాను. 2007 జనవరిలో బాపట్ల ఫారం నింపాను. పండించినవారి పేరు దగ్గర, నాకున్న చేతిరాతలో మంచిది ఏరుకుని, శాలేమురాజు అని రాశాను. బరువు దగ్గర ఖాళీ వదిలాను. పట్టుకుని రైలు కట్ట దాటి వాళ్ళింటికి వెళ్ళాను.

కూర్చోమన్నాడు. పిన్ని టీ ఇచ్చింది. ఫారం తీసుకుని పేరు కింద వేలు పెట్టి చదివాడు.

“బాగా రాశారమ్మా. ఏం పట్టుకెళ్ళమంటారు బాపట్లకి?”

“ఆ మొలక ముక్క నాటలేదా బాబాయ్?”

“లేదమ్మా.” ఫారం మడత పడకుండా జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. “ఇది మీ దగ్గరే ఉంచుకోండి.”

“మాస్టారు అలా చేస్తారని నేను...”

“మాస్టారి మీద నాకేం కోపం లేదమ్మా. ఆయనకి కందంటే కూర. అంతకుమించి ఆయనకేం తెలుసు పాపం? ఆ కందేంటో ఈ ఊళ్ళో తెలిసిన మనిషి మీరొక్కరే. అందుకే మిమ్మల్ని అడిగాను, తడి తగిలిందా అని.”

ఆయన గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. నేను లేస్తే ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకునేదాకా నిలబడి, “జాగ్రత్తగా వెళ్ళండమ్మా, కట్ట మీద రాళ్ళున్నాయి” అన్నాడు. పిన్ని లోపలి నుంచి మళ్ళీ రమ్మని చెప్పింది. ఆయన చెప్పలేదు.